దీర్

ఊరి పేరు మరీ.
మరీ ఎండ, మరీ దుమ్ము, అడిలైడ్‌కి మరీ దూరం.
నెలకోసారి వస్తాను
బోరు నీళ్ళు సీసాల్లో పట్టి
ఉప్పెంతో రాసుకుపోవడానికి.

డాట్ ససోలీ ఎప్పుడూ టీ ఇస్తుంది.
ఈసారి టీతోబాటు బిస్కట్ల డబ్బా,
డబ్బాలో బిస్కట్లు లేవు,
తాత పీర్‌దాద్ రాసుకున్న పుస్తకం.
కలాత్ కొండల్లోంచి ఒంటెలతో వచ్చిన బ్రాహుయీ మనిషి.
పగలంతా ఉన్ని బేళ్ళు రైలుకట్ట దాకా తోలి
రాత్రి లాంతరు కింద ఫారసీలో గజళ్ళు కట్టేవాడట.
"మా ఇంట్లో ఎవరికీ చదవడం రాదు.
ఒంటెలకీ రాదు," అంది డాట్.

ఫోటోలు మహనాజ్‌కి పంపాను, ల్యాబులో నా పక్కబల్ల.
ఫోన్లో చదివి చెప్పింది:
గులాబీ, బుల్‌బుల్, సాకీ, మధువు.
ఈ ఉప్పునేల మీద ఆయన ఒక్క గులాబీ చూసుంటే ఒట్టు.
నడక మాత్రం ఎక్కడా కుంటలేదంది.
అమ్మ మాటలో ఎందుకు రాయలేదో అన్నాను.
"పెళ్ళికెళ్తూ ఇంటి చెప్పులు ఎవరేసుకుంటారు?"

చివరి పేజీలో బరువుల పద్దు.
అసిట్, ఇరట్, ముసిట్. ఇవి మావి కావంది.
చార్, పంజ్, అక్కణ్ణించి తనవేనట.
ఇరట్. ముసిట్.
తెలియకుండానే వేళ్ళు ముడిచాను.
ఏడో తరగతిలో సోషల్ మాస్టారు
పటం అడుగంతా రంగు నింపి
ఎక్కడో పైన, సుద్ద విరిగేట్టు, ఒక్క చుక్క పొడిచి
"ఇదీ మనదేరా" అన్నాడు.
ఆ చుక్క చేతిరాత ఇలా ఉంటుందన్నమాట.

పద్దు కింద, కలం వణికినచోట
ఒకే మాట మూడుసార్లు.
"దీర్. అంటే ఆలస్యం," అంది మహనాజ్,
"ఏది ఆలస్యమో రాయలేదు."

డాట్ కప్పు కింద పెట్టింది.
"పోయేముందు రెండ్రోజులూ అదే మాటట.
నాయనమ్మ ఎంత మురిసిపోయేదో!
ముప్ఫయ్యేళ్ళకి ఇంగ్లీషులో నన్ను డియర్ అన్నాడని.
చెయ్యి వదలకుండా పక్కనే కూచుందట,
లేచి ఎక్కడికీ పోలేదట."

ఆ రాత్రి మోటెల్లో
బ్రాహుయీ మాటల పట్టీ ఒకటి వెతికి పట్టుకున్నాను.
దీర్: నీళ్ళు.

తెల్లారి సీసాలు కారెక్కించి
చెప్పిపోదామని తలుపు తట్టాను.
టీ పెట్టనా అంది.
మంచినీళ్ళు చాలన్నాను.
గ్లాసు నిండా పట్టుకొచ్చి
చేతిలో పెడుతూ
"ఇదుగో, డియర్," అంది.