దగ్గు వినబడని గది

గుంటూరు, అరండల్‌పేట, మూడో అంతస్తు.
తెర మీద వెలుతురు పడకూడదని
కిటికీకి నల్ల కాగితం అంటించారు.
బయట ఎండ ఎంతుందో తెలియదు.
మే నెల అని మాత్రం
అవతలివాళ్ళు నెత్తిన వేసుకొచ్చిన తడిగుడ్డ చెబుతుంది.

ఇది నలభై మూడో కాల్.
బొల్లాపల్లి నుంచి కెజియా ఫోన్ పట్టుకుంది.
"మేడం, సాలీబాయి. పదిహేను రోజులుగా దగ్గు."
"దగ్గమ్మా ఒకసారి."
సాలీబాయి నోరు తెరిచింది.
భుజాలు ఎగిరాయి, మెడనరాలు లేచాయి,
చప్పుడు మాత్రం నాదాకా రాలేదు.

కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టారు.
కుక్క అరుపు, ట్రాక్టరు రొద, చంటిదాని ఏడుపు
అన్నిటినీ జల్లెడ పట్టి
మాటని మాత్రమే పంపుతుంది.
దగ్గుని కూడా తవుడనుకుంది.

ఆ తవుడు కోసమే కదా
నేను పదకొండేళ్ళు చదివింది.
పొడి దగ్గు, తడి దగ్గు, కోరింత దగ్గు,
మిరప యార్డులో ఇరవయ్యేళ్ళు బస్తాలు మోసినవాడి దగ్గు.
మనిషింకా వరండాలో ఉండగానే
జబ్బుని పేరు పెట్టి పిలిచేదాన్ని.

"తెమడ పరీక్ష" అని టైపు చేశాను.
అంతకన్నా ఏం చేయను?

అబద్ధమెందుకు, ఈ కుర్చీ నాకు మేలే చేసింది.
క్యాజువాలిటీలో నా కాలరు పట్టుకున్న చెయ్యి
ఇక్కడిదాకా రాదు.
నైట్ డ్యూటీ లేదు. ఏడింటికల్లా ఇంట్లో ఉంటాను,
మా అమ్మాయి లెక్కల పుస్తకం ముందు.
సాలీబాయికేమో రెండు బస్సుల చార్జీ,
ఒకరోజు కూలీ మిగిలాయి.
నాకు ఫిర్యాదేం లేదు.
మరి సాయంత్రానికి
మెట్లెక్కకుండానే వచ్చే ఈ ఆయాసం ఎవరిది?

పక్క క్యాబిన్లో నూరుల్లా గారు
పైన తెల్లకోటు, కింద గళ్ళ లుంగీ.
"ఎనభై ఒకటి చూశానండీ,
ఒక్క మొహం గుర్తుంటే ఒట్టు" అని నవ్వి
తల వెనక్కి వాల్చి కళ్ళల్లో చుక్కలు వేసుకుంటాడు.
కాల్ అయ్యాక మాకు నక్షత్రాలిస్తారు.
కెజియా ఎవరొచ్చినా ఐదే నొక్కుతుంది. మంచిపిల్ల.

మళ్ళీ ఆమే. ఈసారి ఎవరో కుర్రాడు, కడుపునొప్పి.
"ఎక్కడ నొక్కమంటారు మేడం?"
"కుడివైపు, బొడ్డుకి కిందగా.
ఇంకొంచెం లోపలికి. ఆగు.
ఇప్పుడు ఠక్కున వదులు."
కుర్రాడు ముడుచుకుపోయాడు.
అప్పుడు చూసుకున్నాను,
నా రెండు వేళ్ళూ బల్లని అదుముతున్నాయి,
తనతోపాటే ఠక్కున లేచాయి.
బల్లకి నొప్పి లేదు.
"నరసరావుపేట పంపించు, ఇప్పుడే, ఆటో అయినా సరే."
చేరాడో లేదో
నాకెవరూ చెప్పరు. తరవాతి కాల్ వచ్చేసింది.

లాడ్జి సెంటర్లో షేర్ ఆటో ఎక్కాను.
పక్కన యార్డు నుంచొస్తున్న ముఠా కూలీ,
చొక్కా మడతల్లో ఎర్రటి ఘాటు.
దగ్గాడు.
ఎదురుగా ఉన్నావిడ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది,
డ్రైవరు అద్దంలోంచి విసుక్కున్నాడు.

నేను ఒంగాను.
ఎడమవైపు, బాగా అడుగున, తడిగా,
చివర్లో చిన్న ఈల.
నాలుగు నెలల్లో నేను విన్న మొదటి దగ్గు.
వాచీ చూస్తూ ఊపిరి లెక్కపెట్టాను.
ఇరవై ఆరు. మళ్ళీ లెక్కపెట్టాను.
నేను దిగాల్సిన చోటు ఎప్పుడో దాటిపోయింది.

"ఏందమ్మా, అట్టా చూస్తన్నావు?"

"ఏం లేదన్నా,
ఇంకొక్కసారి దగ్గు."