నికర బరువు

రాత్రి పదకొండు దాటినంక
మిర్యాలగూడ అద్దంకి రోడ్డు మీద, ధర్మకాంటల
నేను, ఒక ట్యూబ్‌లైటు, ఇంటర్ లెక్కల పుస్తకం.
మిల్లుల ఊకపొగ పేజీలకు సుత పట్టింది.

మొదటిసారి ఫెయిలైనప్పుడు
నాకు అన్నీ వచ్చనుకున్న.
పుస్తకం తెరిస్తే ప్రతి లెక్కా తెలిసిన మొఖమే,
బజార్ల ఎదురై నవ్వినట్టుండేది.
పరీక్షల ఒక్కదాని పేరూ యాదికి రాలె.

కాంట పని నేర్పినాయన సైదులయ్య.
వడ్ల లారీ నిండుగ ఎక్కితే ఒక అంకె,
దించుకొని వస్తే ఇంకో అంకె.
"నడుమ ఉన్నదే వడ్లు బిడ్డా,
మిగిలిందంత ఇనుము."

ఆ మాట వారం దాక నాకు దిగలె.
ఒక తెల్లారుగట్ల ఇంటిగ్రేషన్ లెక్కను
మూడోసారి చదివి తలూపుతుంటే తెలిసింది:
ఊపుతున్నది నేను గాదు,
ముందట తెరిచున్న పుస్తకం.
దాని బరువును నా బరువనుకున్న.

అప్పటిసంది పుస్తకం మూస్తున్న.
చిట్టీల వెనుక తెల్లగుంటది గదా,
అక్కడ యాదికున్నంత రాస్త.
మొదటి దినం నాలుగు లైన్లు.
నాలుగే.
ఏడ్పొచ్చింది. కానీ అది నికరం,
అందుల ఎవరి ఇనుమూ లేదు.

తప్పయిన కాడ కొట్టెయ్యలె.
"ఈడ మైనస్ ఎందుకు మరిచిన?" అని రాసి
జవాబు దొరికేదాక ఆ చిట్టీని
గోడ మేకుకు గుచ్చిపెట్టిన.
ముప్పై ఉండె, పదహారుకు దిగినయి.
నిన్న మళ్లొకటి ఎక్కింది.

కోదాడ లారీ మౌలాలి అన్న
చాయ్ ఊదుకుంట అడిగిండు,
"ఏంది చెల్లె, నీలో నువ్వే మాట్లాడుతున్నవ్?"
ఆయనకు సంభావ్యత చెప్పవట్టిన.
ఆయనడిగింది చిన్న మాటనే:
"మరి రెండు బండ్లు ఒక్కసారే వస్తే?"
నోరు ఆగిపోయింది.
ఆ రాత్రంత ఆ రెండు బండ్లతోనే తెల్లారింది.

ఇంకోటి గూడ ఈడనే తెలిసింది:
నిన్నటి ఖాళీ బరువు ఇయ్యాల రాయొద్దు.
డీజిల్ తగ్గుతది, టైర్లకు బురద పడుతది.
అందుకే వచ్చినయనుకున్న లెక్కలను
మూడు దినాలకోసారి, వారానికోసారి
మళ్ల కాంటకెక్కిస్త.
కొన్ని తేలిపోతయి.
కొన్ని, నేను చూడనప్పుడు బరువైనయి.

సప్లిమెంటరీకి ఇంక ఇరవై రెండు దినాలు.
పాసైతవా అంటే ఏం చెప్పను?
బయట హారన్ కొడుతున్నరు.
ఈ చిట్టీకి ఒక పక్క వడ్లు, ఒక పక్క నేను.
రా, ముందుకు రా, ఇంకింత,
ఆఁ, ఆపు.

అంకె ఊగుడు బందయ్యేదాక
డ్రైవరు, నేను
ఊపిరి బిగబట్టుకొని నిలబడ్డం.