జరుగు

హాలిగన్ అని పేరు, ఆస్ట్రేలియా నుంచి వచ్చిండు.
నేను హాలియా అన్న.
మా అత్తగారి ఊరు అదే, నోరు అటే తిరిగింది.
"హాలియా" అంటే పలికెటోడు ఆ ఆరడుగుల మనిషి,
ముక్కు రెండుసార్లు విరిగి రెండు దిక్కులు జూస్తది.

గచ్చిబౌలి స్టేడియం మెట్లకింద, జనరేటర్ పక్కగదిల
నాదొక వాషింగ్ మిషన్, రెండు దండేలు.
పదకొండేండ్ల సంది కిట్ మ్యాన్‌ను.
మనిషిని మొఖం జూసి కాదు, ఇడిసిన బట్ట జూసి గుర్తువడ్త.
గోల్ కొట్టే పోరగాండ్లకు గడ్డిమరక మోకాళ్ల మీదుంటది,
జారి, చేతులు చాపుతరు గద.
హాలియాకు ఎడమ తుంటి మీద.
మట్టి, ఒక్కోపారి నెత్తురు.
మట్టి సబ్బుకు ఇడుస్తది. నెత్తురుకు ఉప్పు, సల్లనీళ్లు.

ముప్పైనాలుగేండ్లు. తొమ్మిది క్లబ్బులు.
సముద్రం ఒడ్డున ఉక్కు ఫ్యాక్టరీ ఊరు, నాయిన క్రేన్ నడిపెటోడట.
స్కాట్లాండ్ చలిల నాలుగేండ్లు.
మలేషియాల ఐదు నెల్ల జీతం మింగి క్లబ్బే మూతవడ్డదట.
ఐసు డ్రమ్ముల కూసోని చెప్పిండివన్నీ,
పెదవులు నీలమైతుంటె,
మోకాలి మీది కుట్లు వేలుతోని ముట్టుకుంట,
ఇది ఆ ఊరు, ఇది ఈ ఊరు,
కండక్టరు స్టేజీలు చెప్పినట్టు.

టీమ్‌ల మిజోరం పిల్లలు, గోవా, కేరళ.
తెలుగు నాకొస్తది, గేటుకాడి బాలమణికొస్తది.
ఒకనాడు నేను బట్టల బుట్ట ఎత్తుకొస్తుంటె
తొవ్వకడ్డం నిలవడ్డడు.
"జరుగు" అన్న.
"జరుగు?" అన్నడు.
మోచేత్తోని పక్కకు నూకి అర్థం చెప్పిన.

ఆ శనివారం మ్యాచ్‌ల గొంతు చించుకోని ఒకటే మాట:
"రెమా, జరుగు! జరుగు! జరుగు!"
మిజో పిల్లగాడు జరిగిండు. గోవా పిల్లగాడు జరిగిండు.
అది ఆస్ట్రేలియా ఇంగ్లీషు అనుకున్నరు పాపం.
నలుగురు తలుపురెక్క లెక్క ఒక్కపారి మూసుకున్నరు.
బంతి తలిగి బయటికి వోయింది. అంతే.
ఎవ్వలు చప్పట్లు కొట్టలే.

నేనేం చదువుకున్నోణ్ణి గాదు గని
దండెం మీద అయిదో నంబరు ఆరేస్తుంటె తట్టింది:
మన తాన జరుగుడంటే కదులుడు,
జరుగుడంటే అయ్యుడు గూడ.
లగ్గం జరుగుతది. లొల్లి జరుగుతది.
ఈయిన దినాం అటు జరిగి ఇటు జరిగి
ఏదీ జరగకుంట జూస్తడు.
జరగనిదాన్ని పేపరోడు ఏమని రాస్తడు?

మైకుల ఆయన పేరు ఒక్కసారే వచ్చింది.
డిసెంబరు, ఎనభై ఎనిమిదో నిమిషం.
అడ్డం వెట్టిన కాలే పట్టించింది, బంతి మన వలల్నే వడ్డది.
మైకాయినకు అలవాటు గద, పేరు ఈ కొసకెల్లి ఆ కొసకు సాగదీసిండు:
కోరీ... హాలి...గన్.
ఆ రాత్రి జెర్సీ విసిరేయలే. మడత వెట్టి తెచ్చిండు.
నా బుట్టల మడిచిన బట్ట వడుడు అదే మొదలు.
మిషన్ ముంగట స్టూలేసుకోని
నలభై నిమిషాలు డ్రమ్ము తిరుగుతుంటె జూసిండు.
నేను గూడ జూసిన. ఏం మాట్లాడుకోలే.

ఫిబ్రవరిల కాయితం వచ్చింది.
పోయేనాడు నాకు షేక్‌హ్యాండ్ ఇచ్చి
బాలమణికి బూట్లు ఇచ్చిపోయిండు, పదకొండో సైజు.
వాటిల ఆమె కరివేపాకు పెంచుతది.

ఇప్పుడు అయిదో నంబరు కొత్తోనికొచ్చింది,
బ్రెజిల్ పిల్లగాడు, ముక్కు చక్కగుంటది.
ప్రాక్టీసుల రెమా వాళ్లు ఇంకా అరుస్తనే ఉన్నరు.
నిన్న సీదా నా గదికొచ్చి అడిగిండు,
"జరుగు ఎవరు? ఏ పొజిషన్?"

నేను బుట్ట ఎత్తుకున్న.
తలుపు నడుమల నిలవడి ఉన్నడు.