మబ్బు రోజుల లెక్క

ఇస్కపల్లి కొఠార్ల గట్టు మొదట్లో
కరెంటు స్తంభాలు ఆగిపోయాయి.
ఖాజా మోపెడ్ అక్కడే ఆపి
ఇక నడవాల్సిందే అన్నాడు.
ఆపైన కళ్లు నొప్పెట్టేంత తెల్లటి మడులు,
చివర్న దొరసానమ్మ గుడిసె.

డైరీ వెనక పేజీ తెరిచి
"ఏమేం కావాలో చెప్పు మా" అన్నాను.
వేళ్లు ముడుస్తూ చెప్పింది.
లోపల ఒక బల్బు, వెలుపల ఒక బల్బు,
ఉక్కపోతకి ఒక ఫాను,
తన ఫోనూ, మోటారు కాడ పడుకునే పెంచలయ్య ఫోనూ.
టీవీకని ముందే ఒక గీత వదిలాను.
అది ఖాళీగానే ఉండిపోయింది.

"వెలుపలిది ఎందుకు?"
"రేత్రి చినుకు పడితే కుప్ప మీద తాటాకు కప్పద్దా?
చీకట్లో కప్పితే ఏదో ఒక మూల తేలతది.
తెల్లారేసరికి ఆ మూల ఉప్పు
ఎవురికీ చెప్పకుండా ఎళ్లిపోతది."

రాసుకున్నాను.
తొమ్మిది వాట్ల బల్బులు రెండు, అయిదు గంటలు, తొంభై.
ఇరవై ఎనిమిది వాట్ల ఫాను, ఏడు గంటలు, నూట తొంభై ఆరు.
ఫోన్లకు ఇరవై.
మొత్తం మూడువందల ఆరు, దారిలో పోయేది పావు వంతు,
వెరసి రోజుకు మూడువందల ఎనభై.
మంచి ఎండ నాలుగున్నర గంటలే అనుకున్నా
వంద వాట్ల పలక చాలు.

అక్కడిదాకా చెయ్యి ఆగలేదు.

"ఎండ లేని రోజులు ఎన్నని వేసుకోను?"
నా లెక్కలో ఎప్పుడూ రెండు.
ఆమె సముద్రం వైపు చూసింది.
"తుపాను పట్టిందంటే తొమ్మిది దినాలు.
నేను చూశా."
తొమ్మిది! పెన్ను మూత పెట్టేశాను.
బ్యాటరీలో సగానికి మించి తోడకూడదు,
రెండు రోజులకే నూట యాభై ఆంపియర్ల పెట్టె కావాలి.
తొమ్మిదికైతే గుడిసెలో మనుషులకు చోటుండదు.

నవ్వింది. పళ్లకంటే ముందు
చేతుల మీది ఉప్పు పగుళ్లు నవ్వాయి.
"ఎండ లేని దినాన ఉప్పుంటదా అబ్బయ్యా?
ఉప్పు లేని దినాన నాకు పనుంటదా?
ఆ గాలికి ఫానెందుకు, సముద్రమే ఇసరతా ఉంటది.
మొదటి రేత్రి కుప్ప కప్పేదాకా అన్నీ వెలగాల.
ఆ తరవాత కూడు తినే సేపు ఒక్క బల్బు.
నీ పలకకేది కూడో నాకూ అదే కూడు.
అది పస్తున్న పూట
నేను మాత్రం బిరియానీ తింటానా?"

మూత తీసి మళ్లీ మొదలుపెట్టాను.
వంద ఆంపియర్ల బ్యాటరీ. వాడుకునే సగం ఆరువందలు.
మొదటి రాత్రికి మూడువందల ఎనభై పోతే
మిగిలేది రెండువందల ఇరవై.
ఒక్క బల్బు, రెండు గంటలు, నష్టంతో కలిపి ఇరవై మూడు.
భాగించాను. తొమ్మిది, పైన కొంచెం.
ఖాజా నా భుజం మీదుగా చూసి
ఏమీ మాట్లాడలేదు.

పదేళ్లుగా ఈ పని చేస్తున్నాను.
వాడకం అంటే రోజూ ఒకటే అంకె అనుకున్నాను.

పలక బిగించిన రోజు
దక్షిణానికి వాలు కుదర్చడానికి నేను యాప్ వెతుకుతుంటే
ఆమె తాటాకు కప్పు మీద చెయ్యి పెట్టి
"ఇందులో సగం వాలు" అంది. సరిపోయింది.
టెర్మినళ్లకు వాజిలిన్ దట్టంగా పూశాను,
ఈ గాలికి రాగి ఆకుపచ్చగా కుళ్లిపోతుంది.
"వారానికోసారి అద్దం కడగాలి మా.
మడినీళ్లు వద్దు, మంచినీళ్లే."

మంచినీళ్లు రెండు మైళ్ల అవతల,
రోజుకు రెండు బిందెలు.
బిందె వైపోసారి, పలక వైపోసారి చూసి
చంటిపిల్లకు పాలు కొలిచినట్టు
ఒక చెంబు పక్కన పెట్టింది.

ఆ చెంబుని ఏ గడిలో రాయాలో
నాకిప్పటికీ తెలీదు.