రెండు చుక్కలు

యాభై దాకా మంచిగనే వస్తది.
యాభై రెండుకు చలిజ్వరం పట్టినట్టు
స్టీరింగ్ అందుకుంటది.
డాష్‌బోర్డు మీది అగ్గిపెట్టె నడుసుకుంట పోయి
అంచు కాడ ఒక్క ఘడియ నిలబడి కింద పడతది.
అరవై ఐదు దాటితే మళ్ళ ఏమెరుగనట్టు ఉంటది బండి.
అడవి రోడ్డు మీద అరవై ఐదు ఎవలు తోలుతరు?

తాడ్వాయిల ఒకాయన టైర్లన్నడు.
మార్చిన. ఆ యేటి మిర్చి పైసలు అట్లనే గుండ్రంగ దొర్లిపోయినయి.
పస్రాల పిలగాడు దారం కట్టి చక్రాలు కొలిచి
చెవి గీరుకున్నడు.
హన్మకొండల అద్దాల షెడ్డాయన
తన కంప్యూటర్ తీగకు ఈ జీపుల జాగనే లేదని నవ్విండు.
"ఇనుప సామాన్లోనికి ఏసెయ్" అన్నది రాజమణి.
ముప్పై ఒక్క ఏండ్ల బండి.
కిలకు ఎంతిస్తరో నేనూ అడిగే ఉన్న.

ఆఖరికి ఆటోనగర్, మొగిలి షెడ్డు.
కంకర మిషను కాడ పన్నెండేండ్లు పనిచేసి
చెవులు అక్కడ్నే వదిలిపెట్టొచ్చిన మనిషి.
నేను చెప్పిందంత నా పెదవుల మీద చూసిండు,
జాకీ ఎక్కిచ్చిండు.
పన్నెండు గంటల కాడ ఒక చెయ్యి, ఆరు గంటల కాడ ఒకటి,
చక్రాన్ని పట్టి ఊపిండు.
కట్ మన్నది.
"బ్రేక్ తొక్కు."
తొక్కిన. మళ్ళ ఊపిండు. ఇప్పుడు కదలలే.
"కింగ్ పిన్ను బాగున్నది. బేరింగే జర ఒదులు.
నువ్వు చెప్పే వణుకు గిది కాదు."
వణుకులకు ఇంటిపేర్లు ఉన్నట్టు అన్నడు.

నాలుగు చక్రాలు గాలిల లేపి గేరేసి తిప్పమన్నడు.
పొడుగు స్క్రూడ్రైవర్ కొనను గేర్‌బాక్సుకు ఆనిచ్చి
పిడిని పండ్ల నడుమ కరిచి కండ్లు మూసుకున్నడు.
చెవులు పోయినంక దవడ చదువు నేర్చింది.
డబ్బా కాడ్నుంచి ముందుకు, ముందుకు,
ముందు చక్రాలకు పోయే షాఫ్టు కాడ ఆగిండు.
బంద్ చెయ్యమని చెయ్యి ఊపిండు.

డీజిలు గుడ్డతోని తుడిస్తే
జంపన్నవాగు బురద పొరలు పొరలుగ ఊడింది.
లోపట రెండు చుక్కలు, పంచ్ పెట్టి కొట్టినయి.
ఒకటి ఆకాశం దిక్కు, ఒకటి పక్కకు.
"ఇవి నేనే కొట్టిన, ఇది అడవి ఆఫీసు బండిగ ఉన్నప్పుడు.
రెండూ ఒక్క గీత మీద ఉండాలె.
ఎవలు విప్పి బిగిచ్చిండ్లు?"

పోయిన శ్రావణం. వాగు ఒడ్డు.
నోట్లె టార్చిలైటు, ఎనక ట్రాలీల కరుగుతున్న ఉప్పు మూటలు.
షాఫ్టు విప్పి, బురద కడిగి,
చీకట్ల దొరికిన పండ్లల్ల దొరికినట్టు గుచ్చిన.
అప్పట్నుంచి పది నెలలు
టైర్లను తిట్టిన, రోడ్డును తిట్టిన,
రోడ్డేసిన కంట్రాక్టరును పేరు పెట్టి తిట్టిన.

"నేనే" అన్న, తల వంచుకొని.
పెదవులు కనవడకున్నా
అదొక్కటి ఇనవడ్డదాయనకు.

ఏమనలే.
గుంజి, జరంత తిప్పి, మళ్ళ గుచ్చిండు.
చుక్క ఎదురుంగ చుక్క.
క్రాసు టోపీ ఊడదీస్తే సూదుల్లాంటి రోలర్లు లేనే లేవు,
మిరపపొడి లెక్క తుప్పు రాలింది.
కొత్తది ఏసి
నాలుగు దిక్కులా ఉబికేదాక గ్రీసు కొట్టిండు.

ఇద్దరం ఎక్కినం.
నలభై ఎనిమిది. యాభై. యాభై రెండు.
ఊపిరి బిగవట్టిన.
అగ్గిపెట్టె కదలలే.
అప్పుడు, ఎడమ పక్క నుంచి, సన్నగ,
తుమ్మెద తొవ్వ తప్పినట్టు ఒక గుయ్యి.
"ఇదేంది కొత్తగ?"
మొగిలి తలుపుకు అరచెయ్యి ఆనిచ్చిండు.
"కొత్తది కాదు. ఇందాకటి బేరింగే.
పెద్ద లొల్లిల ఇన్నొద్దులు నీకు ఇనవడలే.
జాతర ముంగట రా, చూద్దాం."

క్రాసు పైసలు, గ్రీసు పైసలు తీసుకున్నడు.
చుక్కలకు తీసుకోలే.

మల్లంపల్లి దాటినంక గూడ
ఆ గుయ్యి నాతోనే వస్తున్నది.
వింటున్న. ఎవల్నీ తిట్టలే.