ఆవిరిగదిలో ఉత్తుత్తి స్విచ్

కెమి ఊళ్లో నవంబరు. మూడింటికే చీకటి.
ఆవిరిగది పొయ్యి వెలిగించి ఆరేళ్లయింది,
కరెంటు బిల్లుకి జడిసి.
పై చెక్కమెట్టు మీద సర్వరు,
కింది మెట్టు మీద నేను,
ఉన్నిటోపీ తియ్యకుండా.

చేత్తో పట్టుకోడానికేమీ లేని స్విచ్ ఇది.
కాగితం మిల్లులో ముప్పై ఒక్క ఏళ్లు
మర చెడితే మరలు విప్పి చూసినవాణ్ణి.
దీనికి మరా లేదు, మూతా లేదు.
పేరు పెట్టమంది. పెట్టాను.
ఎన్ని పోర్టులు కావాలంది. నూట ఇరవై అన్నాను,
అడిగితే ఇస్తుంటే తగ్గడమెందుకని.
దుమ్ము పట్టదు, ధర లేదు,
మినుకుమనే పచ్చదీపం కూడా లేదు.

దానికి తగిలించినవి నాలుగు ఉత్తుత్తి యంత్రాలు:
ఒకటి ఫొటోలు దాస్తుంది.
ఒకటి గుమ్మం బయట చలెంతో రాసుకుంటుంది.
ఒకటి ఎందుకు పెట్టానో మర్చిపోయాను.
నాలుగోది గోడ అవతలికి ఇంటర్నెట్ అందిస్తుంది,
తాయిస్తోకి.

తాయిస్తో మా తమ్ముడు.
నాన్న పోయాక ఇంటిని నిలువునా పంచుకున్నాం,
పడవ ఇంజను దగ్గర తేడా వచ్చింది.
ఎనిమిదేళ్లుగా మాటల్లేవు.
ఇంట్లోకొచ్చే తీగ మాత్రం ఒక్కటే.
నెలనెలా సగం డబ్బు కవరులో పెట్టి
తలుపు కింద తోస్తాడు.
కవరు మీద పేరుండదు.

అందుకే కట్టుదిట్టంగా రాశాను:
నా చీటీ పది, వాడి చీటీ ఇరవై.
పోయే ప్రతి పొట్లానికీ చీటీ అంటించాలి.
పది ఇరవైని చూడకూడదు,
ఇరవై పదిని పలకరించకూడదు.
ఒకే తీగలో ఒకరికొకరు తగలకుండా పోవాలి,
చెత్తడబ్బా దగ్గర మేం తప్పుకున్నట్టు.
అది నేర్చుకోడానికి మాకు ఒక చలికాలం పట్టింది,
దీనికి రెండు లైన్లు.

ఆ ఊపులో
ఉన్న ఒక్క కేబులునీ కొత్త స్విచ్‌కి అప్పగించి
సరే అని నొక్కాను.
తెర బిగుసుకుపోయింది.
ఆ కేబులు మీదే కదా నేను దాంతో మాట్లాడుతున్నది!
కూర్చున్న కొమ్మని నరుక్కున్నాను,
అదీ కొలత పెట్టి, గీత గీసి మరీ.
మళ్లీ పిలిచాను. పలకలేదు.
నెత్తి మీద ఫ్యాను గుయ్యిమంటూనే ఉంది,
లోపల నాలుగూ బతికే ఉన్నాయి,
గడియ మాత్రం లోపల్నించి పడింది.

ఇక దాని మొహం దానికే తగిలించి చూడాలి.
నీలం మూతి తీగతో పాత మానిటరు కావాలి.
అలాంటిది ఈ కప్పు కింద ఒక్కటే ఉంది,
గోడకి అవతల.
ఇరవై నిమిషాలు మెట్టు మీదే కూర్చున్నాను.
వాడి హాకీ ఆట కూడా మధ్యలో ఆగిపోయుంటుందని
నాకు తట్టనే లేదు.

తలుపు కొట్టింది వాడే.
“పోయింది.”
“నేనే.”
“ఏం కావాలి?”
“మానిటరు.”
ఎనిమిదేళ్లకి ఐదు మాటలు.

మంచులో మేజోళ్లతోనే వెళ్లి తెచ్చాడు,
చేపలపెట్టె మోసినట్టు పొట్టకి ఆనించి.
చిన్నప్పుడు నూలుపోగు లేకుండా కూర్చున్న మెట్టు మీదే
ఇద్దరం కోటు గుండీలు పెట్టుకుని కూర్చున్నాం,
నల్లతెర మీది తెల్లక్షరాలకేసి చూస్తూ.
వాడు టార్చి పట్టాడు, నేను టైపు కొట్టాను.
ఒకచోట సున్నా ఎక్కువైంది.
వాడు వేలు పెట్టి చూపించాడు, నోరు మెదపకుండా.

పింగ్ పంపాను.
ఒక జవాబు. ఇంకోటి. ఇంకోటి.
మిల్లీసెకను కూడా పట్టలేదు.

చీటీలు మార్చలేదు. పది పదే, ఇరవై ఇరవయ్యే.
వాడు లేచాడు.
బకెట్లో ఎండిపోయిన గరిటె తీసి
నీళ్లు పోస్తున్నట్టు సర్వరు మీదకి ఎత్తాడు.
నాన్న వెటకారం అచ్చు అలాగే ఉండేది.
నాకు నవ్వొచ్చింది, దగ్గాను.

మూడో భాగం మొదలవుతుందని వెళ్లిపోయాడు.
మానిటరు ఇక్కడే ఉండిపోయింది.
వాడు అడగలేదు, నేనివ్వలేదు.

ఈ నెల కవరులో ఐదు యూరోలు తగ్గాయి.
అద్దె కాబోలు.