నూట పద్నాలుగు, కుడి కన్ను

పొందూరు నూలు సంఘం వెనక గదిలో
కిటికీలకు దుప్పట్లు కట్టాం.
కొత్త కెమెరాకు చీకటి కావాలి.
చుక్కల మందు వెయ్యకుండానే
కంటిపాప తనంతట తాను విచ్చుకోవాలి.
ఎన్ని మడతలు వేసినా
ఈ ఊరి బట్టలోంచి వెలుగు కారుతూనే ఉంది.

టిఫిన్ క్యారేజీ అంత యంత్రం.
అదొక మాట చెబుతుంది.
సాయంత్రం శ్రీకాకుళంలో డాక్టరుగారొక మాట చెబుతారు.
రెండు మాటలూ కలిశాయో లేదో
రాసుకోవడం నా ఉద్యోగం.

"దాలమ్మ అని రాయి బాబూ."
పేరు రాయకూడదమ్మా, నంబరు వేస్తాం.
"నంబరయితే మరీ మంచిది.
నాది నూరో నంబరు నూలు."
నవ్వి, గడ్డం ఆనించింది.
రెప్ప కొట్టొద్దంటే
ఊపిరి కూడా ఆపేసింది.

తెర మీద తాటిపండు రంగు.
అందులో పీచులా అల్లుకున్న నెత్తురు దారులు.
యంత్రం పచ్చదీపం వెలిగించింది:
జబ్బు లేదు.

ఆమె ముందుకు వంగింది.
"ఇయి నా కంట్లో పోగులేటి?"
అవునమ్మా.
"ఎవుడోగానీ సన్నంగానే వడికినాడు."
పత్తి ఏకి ఏకి గీతలరిగిపోయిన బొటనవేలు
తెర కింది మూలకు జారి
ఆగింది.
"ఇక్కడ ముడి పడిపోనాది."

ఎర్రటి నలుసు.
ఆవగింజలో అరవయ్యో వంతు.
పక్క గదిలో రాట్నాలు, గాలంతా పత్తి,
కటకం మీద నూగు వాలి ఉంటుందిలే అని
తుడిచాను. మళ్ళీ తీశాను.
అక్కడే ఉంది.
మళ్ళీ తుడిచాను,
ఈసారి నా కళ్ళద్దాలు.

పచ్చదీపం వెలుగుతూనే ఉంది.

నా ఫారంలో రెండే గడులు,
యంత్రానికొకటి, డాక్టరుకొకటి.
మూడో మనిషి చూస్తే
ఎక్కడ రాయాలో ఎవరూ చెప్పలేదు.
అంచున పెన్సిలుతో పెట్టుకున్నాను: ముడి.

షుగరు ఎన్నాళ్ళనుంచి అమ్మా?
దానికి జవాబు లేదు. వేరే ఏదో లెక్క వేసుకుంటోంది.
"రెండేళ్ళయి నా నూలు ఎనభైకి దిగిపోనాది.
తూకం కాడ గుమస్తా తిడితే
కొండపత్తి మునపట్లా నేదు అనీసినాను.
వాలుగ చేప దవడ మార్చినాను,
కదురు మార్చినాను,
కోడల్ని కేకలేసినాను, ఏకులు సరిగ్గా సుట్టనేదని."

దుప్పటి సందులోంచి ఒక గీత వెలుగు
ఆమె ఒళ్ళో పడి ఉంది.
దాన్ని రెండు వేళ్ళ మధ్య
పట్టి చూస్తున్నట్టు చూసింది.

"పాపం, పత్తినన్నాను."

ఎడమ కన్ను కూడా తియ్యాలి,
గడ్డం ఆనించమ్మా.